నరసాపురం మురుగు, దోమ కొవ్వు, బోదకాలు

నరసాపురానికి నీళ్లు వచ్చినంత తేలిగ్గా పోవు. ధవళేశ్వరం దగ్గర రెండుగా చీలిన గోదావరిలో పడమటి పాయ వశిష్ఠ. అది ఈ ఊరిని ఒరుసుకుంటూ పారి, దిగువన అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రమట్టం కంటే ఊరి నేల కొద్ది మీటర్లే ఎత్తు. పోటు వేళ నది ఎగదన్నుతుంది, పాటు వేళ లాగుతుంది. ఊరి మురుగైనా చేల మురుగైనా ఆ పాటు కోసం కాచుకోవాల్సిందే. గోదావరి డెల్టాలో బోదకాలు తరాల తరబడి పాతుకుపోవడానికి ఈ వాలు లేని నేల ఒక ముఖ్య కారణం. అయితే నిలిచిన నీటికీ ఉబ్బిన కాలికీ మధ్య దోమ ఉందని తెలియడానికి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది. ఆ దోమ బలం చాలావరకు నీళ్లలో ఉన్న రోజుల్లోనే దాని ఒంట్లో చేరే కొవ్వు నుంచి వస్తుందని తెలియడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

పదిహేడో శతాబ్దంలో నరసాపురం పేరున్న రేవు. ఇక్కడి వడ్రంగులు కట్టిన ఓడలు ఇంగ్లీషు, డచ్చి వర్తకులకు కావాల్సి వచ్చేవి. డచ్చివారి వర్తకస్థానం పాలకొల్లులోనూ, ఇంగ్లీషువారిది నరసాపురాన్ని ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలోనూ ఉండేవి. ఇక్కడి తెల్ల నూలు గుడ్డ ‘మడపొల్లం’ పేరుతో ఐరోపా అంగళ్లకు చేరింది. ఓడలతోపాటు దోమలూ దేశాలు తిరిగాయి. తాగునీటి పీపాల్లో గుడ్లు, లార్వాలు చేరి ఒక రేవు నుంచి మరో రేవుకు పోయేవి. హవాయి దీవుల్లో పూర్వం దోమలే లేవు. 1826లో వెల్లింగ్టన్ అనే ఓడ పీపాల అడుగు నీళ్లతో క్యూలెక్స్ దోమ అక్కడ దిగిందని చెబుతారు. నరసాపురానికి మాత్రం దోమను ఎవరూ ఓడెక్కించి తీసుకురావాల్సిన అవసరం ఉండి ఉండదు.

బోదకాలు ఈ దేశానికి కొత్త జబ్బు కాదు. సుశ్రుత సంహిత దీన్ని శ్లీపదం అంది. పాత నీరు ఎక్కువగా నిలిచి ఉండి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే దేశాల్లో ఇది విశేషంగా వస్తుందని చెప్పింది. జబ్బుకు కారణాన్ని దోషాల్లో వెతికినా, అది పుట్టే చోటును ఆ గ్రంథం సరిగ్గానే పట్టుకుంది. పారే నీటిని కాక పాత నీటిని తప్పుపట్టడం అందులోని అసలైన పరిశీలన.

1830ల కరువులతో, తుపానులతో కుంగిపోయిన గోదావరి డెల్టా కోసం ఆర్థర్ కాటన్ తలపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం వైపు నుంచి నీళ్లు మళ్లాయి. నరసాపురం కాలువ ఆ వ్యవస్థలో భాగమే. వరి పెరిగింది, పడవల మీద రాకపోకలు పెరిగాయి, ఊళ్లు పెరిగాయి. కానీ సాగునీటి కాలువ మీద పెట్టిన శ్రద్ధ మురుగు కాలువ మీద పెట్టలేదు. వానాకాలం ముంపు డెల్టా రైతుకు తీరని గోడుగా మిగిలి, చివరికి 1960లలో మురుగు పారుదల మీదే మిత్రా కమిటీని వేయాల్సి వచ్చింది. ఊళ్లలోనూ ఇదే తంతు. కుళాయి ముందు వచ్చింది, కాల్వ తర్వాత వచ్చింది, కొన్ని వీధులకు రానేలేదు.

ఇక్కడ ఒక సంగతి విడమర్చి చెప్పుకోవాలి. బోదకాలుకు కాటన్ కాలువను దోషిగా నిలబెట్టడం సరికాదు. ఆ వ్యాధిని మోసే క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్ దోమ పారే నీటిలో గుడ్లు పెట్టదు. పొలంలో నిలిచిన వరి నీటిలో పెరిగేవి వేరే క్యూలెక్స్ జాతులు; వాటి పేరు మెదడువాపు వ్యాధితో ముడిపడి ఉంది. అంతర తామర, గుర్రపుడెక్క నిండిన చెరువుల్లో మాన్సోనియా దోమ లార్వా ఆ మొక్కల వేళ్లకు గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటుంది. బోదకాలు దోమకు కావాల్సింది ఇళ్ల వెనక కుళ్లిన నీరు. వంటింటి కుడితి, స్నానాల నీళ్లు, పూడిపోయిన సైడు కాల్వ, మూత సరిగ్గా లేని సెప్టిక్ ట్యాంకు, కొబ్బరి పీచు నానబెట్టిన గుంట దానికి ఇష్టమైన చోట్లు. వేసవిలో కాలువలు కట్టేశాక మురుగును తోసుకుపోయే ధార ఉండదు. అప్పుడు ఆ నీళ్లు ఎక్కడివక్కడే చిక్కబడతాయి.

వ్యాధి కారకం సంగతి తేలడానికి వేర్వేరు ఖండాల పరిశీలనలు కలవాల్సి వచ్చింది. 1866లో బ్రెజిల్‌లో ఒట్టో వుకరర్ రోగి మూత్రంలో సన్నటి పురుగు పిల్లలను చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ వాటిని మనిషి రక్తంలో చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కు పెద్ద పురుగు దొరికింది. అందుకే దాని పేరు వుకరేరియా బాంక్రాఫ్టై. 1877లో చైనా రేవు అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్, పురుగు పిల్లలున్న మనిషిని కుట్టిన దోమలను కోసి చూసి, ఆ పిల్లలు దోమ ఒంట్లో ఎదుగుతున్నాయని కనిపెట్టాడు. ఒక కీటకం మనిషి జబ్బుకు ఆశ్రయమిస్తుందని రుజువు కావడం అదే మొదలు. దోమ తర్వాత నీళ్లలో చస్తుందనీ, ఆ నీళ్లు తాగితే పురుగు మనిషిలోకి వస్తుందనీ మాత్రం మాన్సన్ పొరబడ్డాడు. పురుగు దోమ తొండంలో ఉందని 1900లో జార్జ్ కార్మైకేల్ లో చూపించాక ఆ ఊహ పోయింది. ఈలోగా మాన్సన్ ప్రోద్బలంతోనే రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టగోడ మీద మలేరియా జీవిని చూశాడు. తెలుగు నేల మీద జరిగిన దోమ పరిశోధన అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. డెల్టా జనాన్ని తరాలుగా బాధపెట్టిన జబ్బు గుట్టు మాత్రం అంతకు ఇరవై ఏళ్ల ముందే సగం వీడిపోయింది.

దోమ కథ మురుగు మీద తేలే చిన్న నల్లటి తెప్పతో మొదలవుతుంది. క్యూలెక్స్ ఆడదోమ నూటి నుంచి మూడు వందల దాకా గుడ్లను నిలువుగా, ఒకదానికొకటి అంటించి పెడుతుంది. తెప్ప బియ్యపు గింజంత కూడా ఉండదు. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు అడుగు వైపు నుంచి నీళ్లలోకి జారతాయి. లార్వా తలకిందులుగా వేలాడుతూ, తోక చివరి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి గాలి పీల్చుకుంటూ, నోటి చుట్టూ ఉన్న కుచ్చులతో బాక్టీరియానూ కుళ్లిన రేణువులనూ జల్లించుకుని తింటుంది. నాలుగు సార్లు కుబుసం విడుస్తుంది. డెల్టా వేడిలో వారం పది రోజుల్లో ఈ తిండి దశ ముగుస్తుంది.

తిన్నదంతా చేరేది కొవ్వు దేహంలో. ఇది లార్వా చర్మం లోపలి వైపున, పేగు చుట్టూ పరుచుకున్న లేత పసుపు తమ్మెల కణజాలం. పేరులో కొవ్వు ఉన్నా అది కేవలం కొవ్వు ముద్ద కాదు. ఒక్కో కణంలో కొవ్వు బొట్లు, గ్లైకోజెన్ రేణువులు, ప్రోటీన్ గుళికలు పక్కపక్కనే ఉంటాయి. మనిషిలో కాలేయం చేసే పనులు చాలా వరకు కీటకంలో ఇదే చేస్తుంది. చక్కెరను నిల్వ రూపంలోకి మార్చి, అవసరమైనప్పుడు తిరిగి రక్తంలోకి వదులుతుంది. క్రిములు చొరబడితే వాటిని చంపే ప్రోటీన్లనూ తయారుచేస్తుంది. మొదటి దశల్లో లార్వా ఒంట్లో ఇది పల్చటి పొరలా ఉంటుంది. నాలుగో దశకు వచ్చేసరికి కణాలు ఉబ్బి ఒళ్లంతా నిండుతుంది. మాసూళ్లకు ముందు ఖాళీగా ఉండి, తర్వాత నోటిదాకా నిండే గాదె లాంటిదే ఇదీ. తేడా ఏమిటంటే ఈ గాదెకు మళ్లీ ఎప్పుడు తియ్యాలో, ఎంత తియ్యాలో చెప్పే హార్మోన్లు కూడా ఉన్నాయి.

ఈ కణజాలాన్ని దోమ లార్వాలో వరుసక్రమంగా పరీక్షించిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి విన్సెంట్ విగిల్స్‌వర్త్‌ది. మాన్సన్ లండన్‌లో పెట్టిన ఉష్ణమండల వైద్య పాఠశాల వారసురాలైన సంస్థలో ఆయన పనిచేసేవాడు. 1942లో అచ్చయిన పరిశోధనలో ఆయన ఈడిస్ ఈజిప్టై లార్వాలను ముందు ఆకలికి మాడ్చాడు. కొవ్వు దేహం కణాల్లోని నిల్వలు హరించుకుపోయేదాకా ఆగాడు. తర్వాత ఒక్కో గుంపుకు ఒక్కో రకం తిండి పెట్టి, కణాలను రంగులతో అద్ది సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆలివ్ నూనె తిన్నవాటిలో కొవ్వు బొట్లు, పిండిపదార్థం తిన్నవాటిలో గ్లైకోజెన్, పాల నుంచి తీసిన కేసిన్ తిన్నవాటిలో ప్రోటీన్ నిల్వలు కనిపించాయి. దోమ ఏ నీటిలో పెరిగిందో ఆ నీటి గుణం దాని కణాల్లో కనిపిస్తుందన్నమాట. నరసాపురం సైడు కాల్వకు ఆ ప్రయోగంతో నేరుగా సంబంధం లేకపోవచ్చు. కానీ చిక్కటి మురుగులో పెరిగిన క్యూలెక్స్ ఎందుకంత పుష్టిగా, అంత సంఖ్యలో వస్తుందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

నాలుగో దశ చివర్లో లార్వా ఒంట్లో జువెనైల్ హార్మోన్ తగ్గి, ఎక్డైసోన్ పెరుగుతుంది. తిండి ఆగిపోతుంది. రక్తంలో తిరుగుతున్న నిల్వ ప్రోటీన్లను కొవ్వు దేహం తనలోకి లాక్కుని గుళికలుగా కట్టుకుంటుంది. తర్వాతిది కామా ఆకారంలో ఉండే ప్యూపా. ఇది కదులుతుంది, భయపడితే మునుగుతుంది, కానీ ముద్ద ముట్టదు. ఒకటి రెండు రోజుల్లో రెక్కలు, పొడవాటి కాళ్లు, ఎగరడానికి కావాల్సిన ఛాతీ కండరాలు, తొండం అన్నీ తయారుకావాలి. ఆ సరుకంతా లార్వా దాచిన నిల్వల నుంచే వస్తుంది. అంతా ఖర్చయిపోదు. మిగిలిన భాగంతోనే దోమ నీటి మీది నుంచి లేస్తుంది. మొదటి పూట పూతేనె దొరికేదాకా దానికి ఆధారం అదే. ఎగరడానికి ముఖ్యంగా గ్లైకోజెన్, కూర్చున్నప్పుడు ప్రాణం నిలుపుకోవడానికి కొవ్వు ఖర్చవుతాయి.

పెద్దదైన ఆడదోమలో కొవ్వు దేహానికి కొత్త పని మొదలవుతుంది. మొదటి రెండు మూడు రోజులు జువెనైల్ హార్మోన్ ప్రభావంతో అది ప్రోటీన్ తయారీకి సిద్ధమై, రక్తం కోసం ఎదురుచూస్తుంది. రక్తం తాగగానే అమైనో ఆమ్లాల కబురు అందుతుంది. మెదడు నుంచి వచ్చిన సంకేతంతో అండాశయం ఎక్డైసోన్ వదులుతుంది. దాంతో కొవ్వు దేహం గుడ్డు సొనకు కావాల్సిన విటెల్లోజెనిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఒక రోజు గడిచేసరికి ఈ పని పతాకస్థాయికి చేరి, తర్వాత ఆగిపోతుంది. అండాశయానికీ కొవ్వు దేహానికీ మధ్య ఉన్న ఈ లంకెను 1970లలో హెన్రీ హేగెడోర్న్ బృందం ఈడిస్ దోమల్లో బయటపెట్టింది. లార్వా దశలో కడుపు మాడిన ఆడదోమ చిన్నగా పుట్టి తక్కువ గుడ్లు పెడుతుంది. అలాగని అది తక్కువ ప్రమాదకారి అనలేం. ఈడిస్, అనాఫిలిస్ జాతుల్లో నిల్వలు చాలని చిన్న దోమలు మొదటి విడత గుడ్లకే రెండు సార్లు రక్తం తాగాల్సి వస్తుంది. దీనికి పూర్తి విరుద్ధంగా, లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో పేరుపడ్డ క్యూలెక్స్ పిపియెన్స్ రూపం ఒకటి లార్వా నిల్వలతోనే, రక్తం చుక్క తాగకుండా తొలి విడత గుడ్లు పెట్టేస్తుంది. చలిదేశాల పిపియెన్స్ ఆడదోమలు శీతాకాలం ముందు ఒళ్లంతా కొవ్వు పట్టించుకుని నెలల తరబడి కదలకుండా పడుంటాయి. నరసాపురం క్యూలెక్స్‌కు ఆ అవసరం లేదు. ఇక్కడ చలికాలమూ దానికి పనికాలమే.

బోదకాలు పురుగుకు కావాల్సింది కూడా దోమ ఆయుష్షే. రక్తంతోపాటు లోపలికొచ్చిన పురుగు పిల్లలు పేగుగోడను తొలుచుకుని ఛాతీ కండరాల్లో చేరతాయి. అక్కడ రెండు సార్లు కుబుసం విడిచి, మనిషికి సోకే దశకు రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్లు దోమ బతకాలి, రెక్కాడాలి, మళ్లీ కుట్టాలి. పురుగు దోమలో ఎదుగుతుందే తప్ప రెట్టింపు కాదు. లోపలికెన్ని వెళ్లాయో అంతకు మించి బయటికి రావు. కుట్టేటప్పుడు అవి తొండం నుంచి చర్మం మీదికి జారి, ఆ గాటులోంచి లోపలికి దూరతాయి. అందుకే ఈ జబ్బు ఒక్క కాటుతో రాదు. ఏళ్ల తరబడి, రాత్రి తర్వాత రాత్రి పడిన కాట్ల ఫలితం అది. దోమల సాంద్రత ఎప్పుడూ తగ్గని ఊళ్లలోనే అది స్థిరపడుతుంది.

ఈ జబ్బుకు తొలి నమ్మకమైన మందు వెనక ఉన్న మనిషి నరసాపురానికి పొరుగున పుట్టినవాడే. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రి, మద్రాసులలో చదివి, 1923లో అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో శక్తిని అందించే ఏటీపీని 1929లో వెలికితీశాడు. దోమ రెక్క కండరం కూడా తన నిల్వలను ఆ పదార్థంగా మార్చుకునే ఆడుతుంది. తర్వాత ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనాధిపతి అయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో సమోవా వంటి పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మందు వేట ఊపందుకుంది. ఆయన బృందం పైపరజీన్ సంబంధిత సమ్మేళనాలను కాటన్ ఎలుకల్లోని ఫైలేరియా పురుగుల మీద పరీక్షిస్తూ పోయి, డైఇథైల్‌కార్బమజీన్ దగ్గర ఆగింది. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. హెట్రజాన్ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. సొంత డెల్టాలో ఆ మాత్రల పంపిణీని ఆయన చూడలేదు.

ఒడిశాలో ప్రయోగాత్మకంగా నడిచిన పథకం తర్వాత 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. గోదావరి జిల్లాలు మొదటినుంచీ వ్యాధి పీడిత ప్రాంతాల జాబితాలో ఉన్నాయి. శిక్షణ, పరిశోధన కేంద్రాలను కోళిక్కోడ్, రాజమండ్రి, వారణాసిలలో పెట్టారు. ఈ పని రాత్రిపూట చేయాల్సిన పని. పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఈ వేళాపాళాను మాన్సనే గుర్తించాడు. అందుకే ఫైలేరియా సిబ్బంది జనం పడుకునే వేళకు వీధిలోకి వచ్చి తలుపు తట్టేవారు. వేలి చివర పొడిచి 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తాన్ని గాజు పలక మీద మందంగా పూసేవారు. ఆరిన పూతను మర్నాడు నీళ్లలో ముంచితే ఎరుపు కారిపోయేది. తర్వాత రంగు అద్ది చూస్తే పల్చటి తొడుగులో వంపులు తిరిగిన పురుగు పిల్ల కనబడేది. తోక చివర చుక్కలు లేకపోతే అది బాంక్రాఫ్టై. పురుగున్నవారికి పన్నెండు రోజులు మాత్రలు ఇచ్చేవారు. చచ్చే పురుగుల వల్ల జ్వరం, నొప్పులు వచ్చేవి. ఏ బాధా లేని మనిషికి మందు వేసి జ్వరం తెప్పించడం జనానికి మింగుడు పడలేదు, అది సహజమే.

గోడలకు డీడీటీ కొట్టడం అంతకంటే త్వరగా విఫలమైంది. క్యూలెక్స్ ఆ మందులను తట్టుకుంది. 1960 ప్రాంతంలో జరిగిన మదింపు తర్వాత పట్టణాల్లో లార్వాను చంపడమే ప్రధాన మార్గంగా తీసుకున్నారు. అప్పటినుంచి మున్సిపాలిటీల దోమల పని వారానికోసారి తిరిగే ఆవృత్తంగా మారింది. ఆ వారం గడువు ఎవరో ఆఫీసులో కూర్చుని పెట్టింది కాదు. లార్వా తన కొవ్వును నింపుకుని ప్యూపాగా మారేలోపు మందు చేరాలన్న లెక్క అది. దోమల నూనె నీటి మీద పొరలా పరుచుకుని గాలి గొట్టాన్ని మూసేస్తుంది. కాబట్టి తిండి తినని ప్యూపా కూడా దానికి చస్తుంది. బాసిల్లస్ బాక్టీరియా మందులు తింటేనే పనిచేస్తాయి, ప్యూపా వాటిని లెక్కచేయదు. జువెనైల్ హార్మోన్‌ను పోలిన మందులు లార్వాను చంపవు. పెద్ద దోమగా మారనివ్వవు. పంచాయతీల్లో ఇప్పటికీ కనిపించే చవక పద్ధతి ఆయిల్ బంతి. రంపపు పొట్టును గుడ్డలో మూటకట్టి, వాడేసిన ఇంజన్ ఆయిల్లో నానబెట్టి, మురుగు గుంటలో పడేస్తారు. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి దోమతెర గుడ్డ కట్టడం వీటన్నిటికంటే చవక, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైంది కూడా అదే. సాయంత్రం సందు చివర వదిలే పొగ చూడ్డానికి ఆర్భాటంగా ఉంటుంది. ఎగిరే దోమను ఆ పూటకు తగ్గిస్తుందే తప్ప గుంటలో ఎదిగే దాన్ని ఏమీ చేయదు.

2004లో దేశంలోని వ్యాధి పీడిత జిల్లాల్లో సామూహిక మందు పంపిణీ మొదలైంది. రక్తపరీక్షతో పనిలేకుండా రెండేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, గర్భిణులనూ తీవ్ర రోగులనూ మినహాయించి, ఏటా ఒక్కసారి డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్) మాత్రలు మింగించడం దీని పద్ధతి. పెద్దవారికి మూడు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి రెండు, అంతకంటే చిన్నవారికి ఒకటి; అదీ పరగడుపున కాదు. తర్వాత ఆల్బెండజోల్ తోడైంది. 2018 నుంచి ఎంపిక చేసిన జిల్లాల్లో ఐవర్మెక్టిన్ కూడా చేర్చి మూడు మందుల పద్ధతి తెచ్చారు. పురుగు దోమలో రెట్టింపు కాదు కాబట్టి, మనుషుల రక్తంలో దాన్ని తగినంత కిందికి దించితే గొలుసు తెగుతుందన్న లెక్క మీద ఇదంతా నడుస్తోంది. ముందు పెట్టుకున్న 2015 గడువు తప్పి, ఇప్పుడు 2027ను దేశం లక్ష్యంగా పెట్టుకుంది.

పంపిణీ ఆపాలా వద్దా అని తేల్చడానికి ఆరేడేళ్ల పిల్లల రక్తం పరీక్షిస్తారు. పంపిణీ మొదలయ్యాక పుట్టిన ఆ పిల్లల్లో పురుగు జాడ లేకపోతే వ్యాప్తి ఆగినట్టే లెక్క. దోమలను పట్టి, గుంపులుగా నూరి, వాటిలో పురుగు డీఎన్ఏ కోసం వెతికే పద్ధతి కూడా వచ్చింది. ఇప్పటికే కాలు ఉబ్బినవారికి మాత్రతో వాపు దిగదు. రోజూ సబ్బుతో కాలు కడిగి ఆరబెట్టుకోవడం, వేళ్ల సందుల్లో పుండ్లు పడకుండా చూసుకోవడం, కాలు ఎత్తున పెట్టుకోవడం ఫైలేరియా క్లినిక్కులు నేర్పుతాయి. వరిబీజానికి శస్త్రచికిత్స ఉంది. చేపల, రొయ్యల చెరువులు విస్తరించి వాటి నీళ్లు కూడా డ్రెయిన్లలోకే చేరుతున్న పశ్చిమ డెల్టాలో క్యూలెక్స్ మాత్రం తగ్గలేదు. పురుగు లేని దోమ కూడా అదే మురుగు తిని, అదే కొవ్వు నింపుకుని పుడుతుంది.